కంటికొలత

కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉండనీ, ముక్కు నాది, కోపమూ నాదే. కానీ ఆ కామ్‌షాఫ్ట్ విషయంలో నాకు వచ్చిన కోపం మాత్రం న్యాయమైనదే. జరిగింది జరిగినట్టు చెప్తాను, మీరే తేల్చండి.

మాది ఇంజన్లు విప్పి బాగుచేసే షాపు. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. తలుపుకు ఆ పక్క గ్రీజు, ఈ పక్క దారప్పోగులు. షాపు పెట్టింది మా మామయ్య. బయటవాళ్ళు ఆయన్ని పెద్దమేస్త్రి అంటారు. ఇప్పుడు విప్పడం, బిగించడం మా ఆయన పని. కొలతలు నా పని. పెళ్ళికి ముందు నేనొక ఫ్యాక్టరీలో తయారైన సామాను కొలతలు సరిచూసేదాన్ని. కాపరానికొచ్చిన కొత్తలోనే మామయ్య నా చేతికి మైక్రోమీటరు ఇచ్చి, "మావాడికి తొందరెక్కువమ్మా, కొలతలు నువ్వు చూడు" అన్నారు. ఆ మాటకు మా ఆయన ఇప్పటికీ మూతి ముడుస్తాడు.

మామయ్య దగ్గర ఒక అలవాటుంది. తన చేత్తో అరగదీసిన ప్రతి ముక్కకూ చివర పొగరతో, అంటే మొనదేలిన ఉలితో, రెండు చిన్న చుక్కలు కొడతారు. "ఇది నా పని, చెడితే నా దగ్గరికే తీసుకురా" అని దానర్థం. ఆ చుక్కలున్న ముక్క వెనక్కి రావడం నేను చూడలేదు. మేమూ ఆ అలవాటే పట్టుకున్నాం.

ఇంటి వైపు మా అత్తయ్య కుట్టుమిషను ఉంటుంది. కోట్లు, జాకెట్లు, చొక్కాలు, మా షాపు వాళ్ళు వేసుకునే నీలం బట్టలు, అన్నీ ఆవిడే కుడుతుంది. ఒకప్పుడు ఆవిడ టేపు ముట్టుకునేది కాదట. మనిషి గుమ్మం దాటి లోపలికొచ్చి కూర్చునేలోపు భుజాలెంతో, నడుమెంతో కంటితోనే పట్టేసి, సుద్దముక్క తీసుకుని గీసేసేదట. ఇదంతా నేను విన్నదే. నేను వచ్చేసరికి ఆవిడ మెడలో టేపు లేని రోజు లేదు. ఒకసారి కొలిచి, రాసుకుని, మళ్ళీ కొలిచి, కత్తెర పట్టుకున్నాక ఇంకోసారి కొలిచేది. చాదస్తం అనుకునేదాన్ని.

ఆవిడకో కారుండేది. ఎవరో తుక్కుకు అమ్మేస్తుంటే మామయ్య తెచ్చి బాగుచేసి ఇచ్చిన పాత నాలుగు తలుపుల కారు, మీగడ రంగుది. అందులో ఇంటింటికీ వెళ్ళి కొలతలు తీసుకోవడం, కుట్టినవి ఇచ్చి రావడం. నెమ్మదిగా నడపడం ఆవిడకు చేతకాదని చెప్పుకునేవాళ్ళు. ఆవిడ వస్తోందంటే వీధిలో ఆడుకునే పిల్లలు తామే గోడ పక్కకు జరిగేవాళ్ళట. బస్సుల్ని దాటేసేదట. ఒకరోజు ఊరి బయట రోడ్డు మీద లారీని దాటబోయింది. ఎదురుగా బస్సు వస్తోంది. సమయం ఉందనుకుంది. లేదు. కారును రోడ్డు దింపేసి ముళ్ళకంపలో ఆపింది. ఒక దీపం పగిలింది, మనిషికి గీతైనా పడలేదు. ఇంటికొచ్చి తాళంచెవి మేకుకు తగిలించి, "నా లెక్క తప్పింది" అంది. మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. లైసెన్సు మాత్రం గడువు దాటనివ్వదు. ఎందుకంటే, అందులో ఫోటో బాగుంటుందంటుంది.

అప్పటినుంచి మా ఇంట్లో ఒక మాట పుట్టింది. అన్నంలో నీళ్ళు ఎక్కువైతే, బోల్టు పొట్టిదై అందకపోతే, పిల్లలు లెక్క తప్పు చేస్తే, "లారీ దాటినట్టుంది" అంటాం. కాపరానికొచ్చిన కొన్నాళ్ళకే నేనూ అనడం మొదలుపెట్టాను. అత్తయ్యయితే అందరికంటే ముందు అనేది, నవ్వుతూ అనేది. గుడ్డ కత్తిరించడానికి ముందు టేపు మూడోసారి తీస్తూ కూడా అనేది. ఆ రోజు ఆవిడ దగ్గర పోయింది కారొక్కటే కాదని, తన కన్ను మీద నమ్మకం కూడా పోయిందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఇక కామ్‌షాఫ్ట్ సంగతి. ఆ కారును ఆదివారాలు మా ఆయన తిప్పుతుండేవాడు. "పాత బండి కదా, ఇంతే లాగుతుంది" అనేవాడు. ఈ మధ్య ఇంజను మధ్యమధ్యలో దెబ్బ తప్పి మిస్ కొట్టడం మొదలైంది. సరిగ్గా అప్పుడే పాత కార్ల సంఘం వాళ్ళు ఊరేగింపు పెడుతున్నారని తెలిసి, మా ఆయనకు ఊపొచ్చింది. ఇంజను మొత్తం విప్పి పడేశాడు. లోపల కామ్‌షాఫ్ట్ దెబ్బతింది.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. కామ్‌షాఫ్ట్ అంటే మూరెడు ఇనప కడ్డీ. దాని మీద వరసగా కోడిగుడ్డు ఆకారంలో ఎత్తులుంటాయి, మా కారుదానికి ఎనిమిది. మా షాపులో వాటిని గుడ్లనే అంటాం. కడ్డీ తిరిగేకొద్దీ ఒక్కో గుడ్డు ఒక్కో వాల్వును పైకి లేపుతుంది. వాల్వు ఎంత లేస్తే ఇంజను అంత ఊపిరి పీలుస్తుంది. గుడ్డు పొట్టిదైతే ఊపిరి తక్కువ, బండికి ఊపు తక్కువ. అంతే, ఇందులో బ్రహ్మవిద్యేం లేదు. మా కడ్డీ మీద ఒక గుడ్డు గుంటలు పడి గుండ్రంగా అరిగిపోయింది. మిస్ కొట్టింది అందుకే.

దాని బదులు ఏ కామ్‌షాఫ్ట్ వెయ్యాలని మాట వచ్చింది. మా ఆయన రేసు బండ్లకు వేసేది కావాలన్నాడు. గుడ్లు ఎత్తుగా, వెడల్పుగా ఉంటాయి, బండి పులిలా దూకుతుందన్నాడు. నేను కంపెనీ కొలతదే వేద్దామన్నాను. మామయ్య మాత్రం, "కొత్తదెందుకు? అరిగిన గుడ్డు ఒక్కటేగా. దాని మీద వెల్డింగ్ పోయించి, మిగతావాటికి సరిపోయేలా నేనే అరగదీయించుకొస్తా" అని, కడ్డీని గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నారు.

"కొలవకుండానే తీసుకెళ్తారా మామయ్యా?"

"పాతదాన్ని కొలిచేదేముందమ్మా."

నా జీవితంలో మామయ్య నోట అలాంటి మాట వినలేదు. నట్టు కూడా కొలిచి వాడే మనిషి. నాకు చిర్రెత్తుకొచ్చింది. "కొలతలు నా పనన్నది మీరే కదా" అని, చంకలోంచి లాక్కున్నంత పనిచేసి బల్ల మీద పెట్టాను. ఆయన బయటికెళ్ళి, అవసరం లేని టైరుకు గాలి కొట్టడం మొదలుపెట్టారు.

డయల్ గేజ్ పెట్టి ఒక్కో గుడ్డూ కొలిచాను. అరిగిన గుడ్డు సంగతి సరే. మిగతా ఏడూ కూడా కంపెనీ పుస్తకంలో ఉన్నదానికంటే ఒకటిన్నర మిల్లీమీటరు పొట్టిగా ఉన్నాయి. ముందు గేజ్ పాడైందేమో అనుకున్నాను. ఇంకోటి తెచ్చి చూశాను, అదే లెక్క. ఇక్కడే నాకు అనుమానమొచ్చింది. అరుగుదలకు న్యాయం ధర్మం తెలీదు. ఒకటి ఎక్కువ అరుగుతుంది, ఒకటి తక్కువ అరుగుతుంది. ఏడూ ఒకే కొలతకు తగ్గాయంటే అది అరిగింది కాదు, ఎవరో కూర్చుని అరగదీసింది. కడ్డీ చివర గుడ్డతో తుడిచి చూశాను. రెండు చుక్కలు.

మా ఆయన బేరింగుల కోసం బయటికెళ్ళాడు. మామయ్య గాలి కొట్టడం అయిపోయి, లోపలికొచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు. నేను అడగకముందే, "ఎక్కడో పొరపాటు పడుంటావమ్మా" అన్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

"చుక్కలున్నాయి మామయ్యా."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడుస్తూనే ఉన్నారు. తప్పు పనికి కూడా తన గుర్తు వెయ్యకుండా ఉండలేకపోయిన మనిషిని చూస్తే నాకు జాలి వేసింది. ఆ జాలి ఎక్కువసేపు నిలవలేదు.

"భయమేసేదమ్మా" అన్నారు. "ఆవిడ బండి చప్పుడు మలుపులో వినపడేదాకా చేతిలో పని సాగేది కాదు. నెమ్మదిగా వెళ్ళవే అంటే వినేది కాదు. ఇంజను పనికి విప్పినప్పుడు కాస్త తగ్గించా."

"చెప్పొచ్చుగా."

"చెప్తే మళ్ళీ పెంచమంటుందిగా."

"భయమొక్కటేనా? మేస్త్రి పెళ్ళాం గాలిలో తేలిపోతోందని నలుగురూ నవ్వుతున్నారనా?"

"అదీ ఉంది" అన్నారు. అబద్ధమాడనందుకు ఆయన్ని మెచ్చుకోవాలి.

"లారీ దగ్గర తప్పింది ఆవిడ లెక్క కాదన్నమాట. గుడ్లు అసలు ఎత్తులో ఉంటే బండి దాటేసేది."

"అంతకుముందు ఎప్పుడూ దాటేసేదే."

"మరి తర్వాతైనా చెప్పలేదేం?"

"తర్వాత చెప్తే, దాన్ని చంపబోయింది నేనని తెలిసేది" అన్నారు. "చెప్పకమ్మా. ఎప్పటి మాటో. ఇప్పుడు దానికేం కావాలి, హాయిగా కూర్చుని కుట్టుకుంటోంది."

హాయిగా అన్నమాట విని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ప్రతి గుడ్డకూ మూడుసార్లు టేపు పెట్టడం హాయా? మధ్య తలుపులోంచి రోజూ చూస్తూ కూడా ఆయన ఆ మాట అనగలిగారు. నేను పెద్దగా అరవలేదు, ఇంట్లోకి వినపడుతుందని. "కొత్త కామ్‌షాఫ్టులు ఈ వారంలో వస్తాయి. ఏది వెయ్యాలో తేల్చేలోపు మీరే ఆవిడకు చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తా" అన్నాను. తల ఊపారు.

ఆ వారమంతా చూడాలి ఆయన అవస్థ. తేలు కుట్టిన దొంగలా మధ్య తలుపు దాకా వెళ్ళడం, అత్తయ్య తలెత్తి "ఏమిటండీ" అనగానే మంచినీళ్ళు అడిగి తాగి వెనక్కి రావడం. ఆవిడ చివరికి, "మీకేమైనా ఒంట్లో బాగాలేదా, ఇన్ని నీళ్ళు తాగుతున్నారు" అని డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది. మా ఆయనకు నేనేమీ చెప్పలేదు. ఆయన నోట్లో నువ్వు గింజ నానదు.

సామాన్ల షాపాయన రెండు కామ్‌షాఫ్టులు పంపాడు, చూసుకుని ఒకటి ఉంచుకుని ఇంకోటి తిరిగిచ్చెయ్యమని. ఒకటి కంపెనీ కొలతది, ఒకటి రేసుది. బల్ల మీద గుడ్డ పరిచి, పాతదాన్ని వాటి పక్కన పెట్టాను. మా ఆయన రేసుదాన్ని చేతిలోకి తీసుకుని పసిపిల్లాణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. మామయ్య మూలన ఆకురాయితో ఏదో గీకుతున్నారు. మధ్య తలుపు తెరుచుకుని అత్తయ్య వచ్చింది, మా ఆయనకు కొత్తగా కుట్టిన నీలం చొక్కా చేతిలో పెట్టుకుని.

చెప్పేద్దామని నోరు తెరిచాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఇంతలో ఆవిడే బల్ల వైపు చూసి ఆగిపోయింది.

"ఈ పాతది వేరే బండిదా?" అంది.

"కాదమ్మా, నీ కారుదే" అన్నాడు మా ఆయన.

"మరి దీని గుడ్లు ఈ కొత్తదానికంటే పొట్టిగా ఉన్నాయేం?"

మూలన ఆకురాయి ఆగింది. మా ఆయన వంగి రెండింటినీ మార్చి మార్చి చూసి, "ఎక్కడమ్మా? రెండూ ఒకలాగే ఉన్నాయిగా" అన్నాడు. ఇంజన్లు విప్పుతూ పెరిగిన మనిషికి ఆ తేడా ఆనలేదు. నిజం చెప్పాలంటే గేజ్ లేకుండా నాకూ ఆనలేదు.

"ఎంత పొట్టి అత్తయ్యా?" అన్నాను.

ఆవిడ చెయ్యి మెడలో టేపు మీదికి పోయింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. "టేపొద్దు. చూసి చెప్పండి."

"నా కంటికేం తెలుస్తుందమ్మాయ్, మళ్ళీ లారీ దాటినట్టవుతుంది" అని నవ్వింది.

ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఎన్నిసార్లు నేనూ ఆ మాట అని నవ్వానో. "తప్పితే తప్పనీయండి, చెప్పండి" అన్నాను.

ఆవిడ తల కాస్త పక్కకు వంచి, ఒక కన్ను సగం మూసి చూసింది. "కాలరులో పెడతామే గట్టి గుడ్డ, అది మూడు మడతలేస్తే ఎంతో అంత" అంది.

లోపలికెళ్ళి ఆవిడ మిషను పక్కనున్న బుట్టలోంచి ఆ గుడ్డముక్క తెచ్చాను. మూడు మడతలేసి మైక్రోమీటరులో పెట్టాను. ఒకటిన్నర మిల్లీమీటరు. ఉంటే వెంట్రుకవాసి తేడా. పైకి చదివి వినిపించాను. అత్తయ్య నమ్మలేదు. మైక్రోమీటరు తన చేతిలోకి తీసుకుని, దాని మీది గీతలు చదవడం తనకు రాకపోయినా, చాలాసేపు దాన్ని చూసింది.

"ఎవరు తగ్గించారు?" అంది.

మా ఆయన పాత కడ్డీని తిప్పి చూసి, వెనకా ముందూ ఆలోచించకుండా, "నాన్నా, ఇక్కడ మన చుక్కలున్నాయేంటి?" అన్నాడు. నేను చెప్పలేదూ, నువ్వు గింజ నానదని.

మామయ్య మూలనుంచి లేచి నిలబడ్డారు. "నేనే" అన్నారు. తర్వాత నాకు చెప్పిందంతా ఆవిడకూ చెప్పారు. భయం సంగతి చెప్పారు. నలుగురూ నవ్వారన్న సంగతి కూడా దాచలేదు. ఆవిడ నీలం చొక్కాను మడతపెడుతూ, విప్పుతూ, మళ్ళీ మడతపెడుతూ విన్నది.

"లారీకి ముందా?"

"ముందే. ఆ నెలే."

"ఆ నెలలో నేను మిమ్మల్ని అడిగాను, బండి ఎందుకో లాగట్లేదండీ అని. మీరేమన్నారో గుర్తుందా?"

మామయ్య చేతిలోని ఆకురాయి బల్ల మీద పెట్టారు.

"నాకు గుర్తుంది. నీ కాల్లో బలం తగ్గింది, వయసు వస్తోంది కదా అన్నారు. సరే అనుకున్నాను. కాలే కాదు, కన్నూ చెయ్యీ కూడా తగ్గాయనుకున్నాను. అప్పటినుంచీ కత్తెర పట్టుకుంటే వణుకు. ఏ గుడ్డ చెడగొడతానో, ఎవరికి చిన్నది చేస్తానో అని." గొంతు పెంచలేదు. "అవన్నీ సరే. భయపడ్డారు, చేశారు. కానీ లారీ దాటినట్టుందన్న మాట ఈ ఇంట్లో మొదట అన్నది మీరు. ముళ్ళకంపలో చీరకు పట్టిన ముళ్ళు నేనింకా పీక్కుంటుంటే అన్నారు. తెలిసి అన్నారు."

చొక్కా బల్ల మీద పెట్టి లోపలికెళ్ళిపోయింది. తలుపు మామూలుగానే మూసింది. ఆ సాయంత్రం దాకా మిషను చప్పుడు వినపడలేదు. మామయ్య నిలబడ్డ చోటే ఉన్నారు. మా ఆయన రేసు కడ్డీని చేతిలో పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నన్ను చూశాడు. దాన్ని పెట్టెలో పెట్టమని కసిరాను.

దీపాలు పెట్టే వేళకు ఆవిడ మళ్ళీ షాపులోకి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. ఏడ్చిన సంగతి దాచుకోవాలని చూడలేదు. సరాసరి బల్ల దగ్గరికొచ్చి, "ఇవి ఒక్కోటి వేస్తే ఏమవుతుందో చెప్పు" అని నన్నడిగింది.

మా ఆయన ముందుకొచ్చి రేసుదాని గొప్పలు మొదలుపెట్టాడు. రోడ్డు మీద అందరూ తిరిగి చూస్తారన్నాడు. వీధిలో నెమ్మదిగా వెళ్తే ఆగి ఆగి పోతుందని, వేగమందుకున్నాకే అది నిద్రలేస్తుందని నేను చెప్పాను.

"అంటే పెళ్ళిబట్టల్లాంటిది" అంది అత్తయ్య. "ఒక్కరోజుకు బాగుంటుంది, రోజూ తొడుక్కుని తిరగలేం. ఇంతకీ ఈ కారు ఎవరు నడపడానికి బాగుచేస్తున్నారు?"

అందరం కొలతలు చూశాం కానీ ఆ మాట ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. కుట్టేవాళ్ళు ముందడిగేదే అది, తొడుక్కునేదెవరని.

"ఆ లారీని చూసి నేను లెక్క వేసుకుంది ఏ ఎత్తు గుడ్ల లెక్కన?" అంది.

"ఈ కంపెనీ కొలతవే అత్తయ్యా. అంతకుముందు మీ బండిలో ఉన్నవి ఇవే."

"అయితే అదే వెయ్యి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. నా కొలత నాకు కావాలి."

మామయ్య నెమ్మదిగా, "నేను బిగిస్తాను" అన్నారు.

"వద్దు. అమ్మాయి బిగిస్తుంది. మీరు దీపం పట్టుకోండి."

అలాగే పట్టుకున్నారు. ఊళ్ళో సగం ఇంజన్లు విప్పిన పెద్దమేస్త్రి నా భుజం వెనక నిలబడి, నేను ఎటు తిరిగితే అటు దీపం తిప్పారు. కొత్త గుడ్లకు, వాటికి ఆనుకుని కదిలే పాత టాపెట్లు పెడితే రెండూ చెడతాయి కాబట్టి టాపెట్లు కూడా కొత్తవే వేశాను. గుడ్లన్నిటికీ అరగకుండా నల్లటి పేస్టు పూసి, గేర్ల మీద గుర్తులు ఎదురెదురుగా కలిపి బిగించాను. ఒకచోట నా చెయ్యి జారితే ఆయన నోరు తెరిచారు, మళ్ళీ మూసుకున్నారు.

కొత్త కామ్‌షాఫ్ట్ వేశాక మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఇంజనును నెమ్మదిగా తిరగనివ్వకూడదు. కాసేపు కాస్త వేగం మీదే ఉంచాలి. లేకపోతే గుడ్లకు నూనె సరిగా అందక మొదటి రోజే అరుగుతాయి. పెడలు మీద కాలు కదలకుండా పెట్టే మనిషి కావాలి. మా ఆయన ఎక్కబోతే అత్తయ్య తలుపు పట్టుకుంది. ఆవిడే ఎక్కి కూర్చుంది. ఇంజను అందుకుంది. ఇంజను వేగం చూపే ముల్లు ఒకచోట నిలబడింది, నేను చాలని చెయ్యి ఊపేదాకా అక్కడే ఉంది. కాల్లో బలం తగ్గిందన్న మనిషి రేడియేటరు పక్కన నిలబడి అదంతా చూస్తూనే ఉన్నారు.

తర్వాత కొన్నాళ్ళు పొద్దున్నే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కారును వీధుల్లో తిప్పింది. క్లచ్ మొదట్లో ఎగిరెగిరి పడింది, తర్వాత సర్దుకుంది. ఇంట్లో మామయ్యకు అన్నం వడ్డించేది, కూర ఎలా ఉందని అడిగేది కాదు. ఆయనా ఉప్పు తక్కువైందని అనలేదు, నిజంగా తక్కువైన రోజున కూడా.

ఒక ఆదివారం అందరం ఊరి బయటి రోడ్డుకు బయల్దేరాం. మామయ్య అలవాటుగా ముందు తలుపు తీయబోతే, "మీరు వెనక కూర్చోండి" అంది. నేను ముందు కూర్చున్నాను. కొంతదూరం వెళ్ళాక ఇటుకల లారీ అడ్డమొచ్చింది, పొగ కక్కుతూ పోతోంది. ఎదురుగా దూరంగా ఒక వ్యాను వస్తోంది. అత్తయ్య కాస్త కుడికి జరిగి చూసి, మళ్ళీ వెనక్కి వచ్చింది. స్టీరింగు మీద వేళ్ళు తెల్లబడ్డాయి. వెనక నుంచి మామయ్య, "వెళ్ళొచ్చు, చోటుంది" అన్నారు.

"నాకు కనపడుతోంది" అంది.

వ్యానును పోనిచ్చింది. దాని వెనకాల ఎదురొచ్చే బస్సు ఇంకా చాలా దూరంలో ఉంది. గేరు తగ్గించింది. యాక్సిలరేటరు తొక్కింది. కారు లాగింది, అడిగినంతా లాగింది. ఇటుకలు, లారీ చక్రాలు, డ్రైవరు బయటపెట్టిన మోచెయ్యి వరసగా నా పక్కనుంచి వెనక్కి పోయాయి. మా వైపుకు మళ్ళీ వచ్చేసినా ఆ బస్సు ఇంకా దగ్గరికి రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే మామయ్య కిటికీ వైపు మొహం పెట్టుకుని కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నారు. మా ఆయన అటు చూడనట్టు నటిస్తున్నాడు.

ఆ సాయంత్రం అత్తయ్య ఒక నీలం గుడ్డ తాను దింపి బల్ల మీద పరిచి, "ఏవండీ, ఇలా రండి. చొక్కాలు రెండూ చిరిగిపోయాయి మీవి" అంది. ఎన్నాళ్ళ తర్వాతో ఆయన్ని పిలిచింది. మామయ్య వచ్చి, ఎప్పటిలాగే కొలతకు రెండు చేతులూ చాచి నిలబడ్డారు.

అత్తయ్య మెడలో టేపు తీసి మేకుకు తగిలించింది, తాళంచెవి ఇన్నేళ్ళూ వేలాడిన మేకుకు. ఆయన్ని మెడ నుంచి నడుము దాకా ఒక్కసారి చూసింది.

"దించండి చేతులు" అంది.

సుద్దముక్కతో గీసి, కత్తెర తీసుకుంది. ఒక్కచోట కూడా ఆగకుండా చివరిదాకా కత్తిరించింది.